మంచం ఎత్తున సిలువ

తల్లీ,

నిన్న ఫోను పెట్టేశాక చాలాసేపు నీ గురించే ఆలోచించాను. కొత్త ఇంట్లో సిలువ పెట్టుకుందామని నువ్వంటే, "యేసు లేచాడు కదమ్మా, మీ కథోలికులు ఇంకా ఆయనను ఆ కొయ్య మీదే ఎందుకు ఉంచుతారు?" అని మీ అత్తగారు అడిగారన్నావు. ఆ మాటకు నువ్వు నొచ్చుకున్నట్టున్నావు. నొచ్చుకోకు. ఆమె బాప్టిస్టు కుటుంబంలో పుట్టి, బైబిలు చదువుతూ పెరిగిన మనిషి. ఆమె చూసిన సిలువలన్నీ ఖాళీవే. ముప్పై ఏళ్లు మన విచారణలో, అంటే మన గుడి పరిధిలో, పిల్లలకు సత్యోపదేశం చెప్పినదాన్ని కనుక ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. అడిగేవాళ్లలో ఎక్కువమంది నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు.

ముందు ఒక మాట ఒప్పుకో. ఖాళీ సిలువ చెప్పేదీ సత్యమే. సమాధి ఆయనను ఆపలేకపోయిందని అది చెబుతుంది. మనమూ పాస్క పండుగ, అంటే ఈస్టర్ నాడు పాడుకునేది అదే. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయం చదవండి. లేచిన ప్రభువు శిష్యుల దగ్గరికి వచ్చి మొదట చూపించినవి తన చేతులు, తన పక్క. గాయాలు మానిపోలేదు, ఆయన వాటిని దాచుకోనూ లేదు. తోమాను పిలిచి వేలు పెట్టి చూడమన్నాడు. మన సిలువ మీది క్రీస్తు స్వరూపానికి ఉన్నవి ఆ గాయాలే. ఇంతకు మించి వాదించకు. ఆమె బైబిలును ఆమె చేతనే చదివించు, చాలు.

విగ్రహారాధన అన్న మాట కూడా ఎప్పుడో వస్తుంది. 787లో నికేయ నగరంలో జరిగిన క్రైస్తవ పెద్దల రెండో మహాసభ దీన్ని తేల్చింది: రూపానికి ఇచ్చే గౌరవం ఆ రూపంలో ఉన్నవారికే చేరుతుంది. మహాసభ పేరు చెప్పనక్కరలేదు. పోయిన మీ మామగారి ఫోటో అద్దాన్ని ఆమె రోజూ పొద్దున పైట చెంగుతో తుడవడం నేను మీ ఇంట్లో చూశాను. తుడుస్తూ ఏదో చెప్పుకుంటుంది కూడా. ఆమె మాట్లాడేది అద్దంతో కాదని నీకు తెలుసు, ఆమెకూ తెలుసు. దాన్ని మాత్రం వాదనకు వాడుకోకు. నువ్వు అర్థం చేసుకోవడానికి చెబుతున్నాను.

ఇక సిలువ ఎక్కడ పెట్టాలి అన్నావు. గుమ్మం మీద, వచ్చినవాళ్లకు కనబడేలా అన్నావు. నేనైతే వద్దంటాను. ఎందుకో చెప్పాలంటే మీ అమ్మమ్మ సంగతి చెప్పాలి.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీళ్లు తాగి బతికిన మనిషి ఆమె. ఆ నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లోకి దిగింది. నేను పదో తరగతికి వచ్చేసరికే నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. మోచేతులు పూర్తిగా చాచలేదు, తల పైకెత్తలేదు. మా ఇంట్లో సిలువ వాసం కింద చాలా ఎత్తున ఉండేది. ఒక సాయంత్రం జపమాల మధ్యలో, "నాకు నేల తప్ప ఏమీ కనబడటం లేదు, ఆయన ఎక్కడున్నాడు?" అని ఏడ్చింది. మా నాన్న అప్పటికప్పుడు దాన్ని దించి, నులక మంచం పక్కన, ఆమె తల ఎంత ఎత్తున ఉంటుందో అంతే ఎత్తున కొట్టాడు.

నల్లటి కర్ర, దాని మీద జానెడు కూడా లేని ఇత్తడి స్వరూపం. ఆమె బొటనవేలు ఎప్పుడూ ఆ పాదాల మీదే ఉండేది. ఏళ్ల తరబడి రాపిడికి కాలి వేళ్లు అరిగి, రెండు పాదాలూ కలిసిపోయి నున్నగా మెరుస్తాయి. ముఖం మాత్రం మసిబారే ఉంది, ఆమె చెయ్యి అంత దూరం పోయేది కాదు. నొప్పి ఎక్కువైన రాత్రుళ్లలో ప్రార్థన మాటలు నోటికి వచ్చేవి కావు. "ఈయనకూ నాలాగే కదలడానికి వీల్లేదు" అనేది, అంతే. అది ఫిర్యాదు కాదు, తోడు దొరికినట్టు అనేది. సిలువ మీద దేహం ఎందుకు ఉండాలి అని ఎవరైనా నన్నడిగితే నాకు గుర్తొచ్చేది ఆ మాటే. ఖాళీ కొయ్యను చూసి ఆమె ఆ మాట అనగలిగేది కాదు.

అందుకే నువ్వు కూర్చునే చోట, కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా ఉండేలా పెట్టుకో. ఫాదర్ గారి చేత ఆశీర్వదింపజేసుకున్నాకే పెట్టు.

పెట్టాక రోజూ కాసేపు ఊరికే చూడు. పైన చిన్న పలక మీద ఐ.ఎన్.ఆర్.ఐ. అని నాలుగు అక్షరాలుంటాయి. 'నజరేయుడైన యేసు, యూదుల రాజు' అనే లాటిన్ మాటల మొదటి అక్షరాలు అవి. పిలాతు దాన్ని హీబ్రూ, లాటిన్, గ్రీకు భాషల్లో రాయించాడు. నేరం ఏమిటో దారిన పోయేవాళ్లకు తెలియాలని పెట్టిన పలక అది. మనం దాన్నే మన రాజు పేరుగా చదువుకుంటాం. ఆయన పక్కలో బల్లెపు పోటు ఉంటుంది. అక్కడి నుంచి నెత్తురు, నీళ్లు కారాయి. వాటిలో మన శ్రీసభ, అంటే క్రైస్తవ సంఘం, దివ్యసత్ప్రసాదాన్ని (ప్రభువు రొట్టె, ద్రాక్షరసాల విందును), జ్ఞానస్నానాన్ని (బాప్తిస్మాన్ని) చూసింది. కాళ్ల కింద పుర్రె ఉంటే భయపడకు, ఆయనను సిలువ వేసిన గొల్గొతా అంటే కపాల స్థలం.

ఒకటి తెలుసుకో. మొదటి శతాబ్దాల క్రైస్తవులు ఈ రూపాన్ని గీయడం చాలా అరుదు. సిలువ అప్పటికి బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష, పైకి చెప్పుకోలేని అవమానం. రోములోని పునీత సబీనా దేవాలయం చెక్క తలుపు మీద ఐదో శతాబ్దపు సిలువ దృశ్యం ఒకటి ఉంది. అందులో ప్రభువు కళ్లు తెరిచే ఉన్నాయి. తల వాల్చిన, నలిగిన రూపం ఆ తర్వాత శతాబ్దాలలో వచ్చింది. మీ అత్తగారికి కలిగిన ఇబ్బంది సిలువకు కొత్తగా వచ్చింది కాదన్నమాట. అయినా గుడిలో దివ్యబలి పూజ జరిగేటప్పుడు బలిపీఠం మీదో, దగ్గరో సిలువ వేయబడిన క్రీస్తు రూపం ఉండి తీరాలన్నది మన నియమం. జరుగుతున్నది ఆ బలి కనుక.

పవిత్ర శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే నాడు ఆమెను నీతో గుడికి రమ్మని అడుగు, బలవంతం చేయకు. ఆ రోజు పూజ ఉండదు. ముసుగు వేసిన సిలువను ఫాదర్ గారు మూడు అంచెల్లో విప్పుతూ పైకెత్తి చూపిస్తారు, జనం వరుసగా వెళ్లి పాదాలు ముద్దు పెట్టుకుంటారు. వరి నాట్లకు, పత్తి చేలకు పోయి పగిలిన పాదాలతో ఆడవాళ్లు ఆ మేకుల పాదాల ముందు వంగడం ఆమె ఒక్కసారి చూస్తే బాగుంటుంది. నచ్చకపోతే నచ్చకపోనీ.

అమ్మమ్మ సిలువ ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది. ఈ ఆదివారం తమ్ముడు మహబూబ్‌నగర్ వస్తున్నాడు, పాత చీరలో చుట్టి అతని చేతికిస్తాను. ఇత్తడిని చింతపండుతో తోమకు, ఆ పాదాల నునుపు అలాగే ఉండనీ. ఎడమ చేతి మేకు ఊడిపోతే మీ నాన్న సన్నని ఇనుప చీల కొట్టాడు, అది కాస్త వదులు. కర్ర బరువుగా ఉంటుంది, గోడకు పొడవాటి మేకు కొట్టించు.

మీ పెద్దమ్మ