సెప్టిక్ ట్యాంకు తెరిచి చూపించనంటే కొనేవారు ఏం చేయాలి?

ప్రశ్న: తిరుచానూరు దగ్గర 12 ఏళ్ల కిందట కట్టిన ఇల్లు కొనడానికి అగ్రిమెంటు రాసుకొని 3 లక్షల రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. వచ్చే నెల రిజిస్ట్రేషను. ఆ వీధిలో భూగర్భ డ్రైనేజీ లేదు. సెప్టిక్ ట్యాంకు కారు నిలిపే చోట టైల్సు కింద ఉంది. తెరిచి చూపమంటే, "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తీయించే పని పడలేదు, టైల్సు పగలగొట్టను" అంటున్నారు. మసాచుసెట్స్‌లో ఉన్న మా అబ్బాయి, అక్కడైతే తనిఖీ చేయించాకే అమ్మాలంటున్నాడు. మనకు అలాంటి నిబంధన ఉందా? తర్వాత లోపం బయటపడితే బాధ్యత ఎవరిది?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి చెప్పింది ఆ రాష్ట్రం వరకు నిజమే. అక్కడి టైటిల్ 5 నిబంధనల ప్రకారం, సాధారణంగా అమ్మకానికి ముందు రెండేళ్ల లోపు సెప్టిక్ వ్యవస్థను తనిఖీ చేయించి ఉండాలి. మన రిజిస్ట్రేషను చట్టంలో అలాంటి షరతు లేదు. సబ్ రిజిస్ట్రారు ట్యాంకు సంగతి అడగరు, ఆస్తి మీది లావాదేవీలు, అప్పులు చూపే ఈసీలో అది కనిపించదు.

అంతమాత్రాన చట్టం మిమ్మల్ని గాలికి వదిలేయలేదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షను ప్రకారం, అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో ఉంటే, దాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకుండా దాచడాన్ని అదే సెక్షను మోసంగా పరిగణిస్తుంది. ట్యాంకు నిండి ఉండటం ముఖ్యమైన లోపం కాదు, లారీ పిలిస్తే తీరిపోతుంది. ఇంకుడు గుంత అసలే లేకపోవడం, ట్యాంకు సగం పక్కవారి స్థలంలోకి వెళ్లి ఉండటం మాత్రం, నా దృష్టిలో, ముఖ్యమైన లోపాలే.

చిక్కంతా "మామూలు జాగ్రత్త" అన్న మాట దగ్గర ఉంది. మీకు అనుమానం వచ్చింది, అడిగారు, వారు కాదన్నారు. ఆ తర్వాత కూడా నోరు మెదపకుండా రిజిస్ట్రేషను చేయించుకుంటే, రేపు కోర్టులో అవతలి న్యాయవాది అనుమానం ఉండి కూడా కొన్నారనే వాదిస్తారు. కాంట్రాక్టు చట్టం, 1872లోని 19వ సెక్షను కూడా, అమ్మేవారు కేవలం మౌనంగా ఉండిపోయిన సందర్భంలో, తగిన శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలున్న వ్యక్తికి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు ఇవ్వదు. అయితే తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవారికి ఈ మినహాయింపు అక్కరకు రాదు. అందుకే నోటిమాటగా కాకుండా కాగితం మీద అడగండి: ట్యాంకు ఎక్కడ ఉంది, అడుగు సిమెంటు వేశారా, ఇంకుడు గుంత ఎటువైపు ఉంది, బోరుకు ఎంత దూరం, వర్షాకాలంలో ఎప్పుడైనా పొంగిందా? వారి సంతకంతో జవాబు వస్తే అదే మీకు ఆధారం.

ఇంకొక మాట. మన దస్తావేజుల్లో "ఆస్తిని స్వయంగా చూసుకొని, పూర్తిగా తృప్తి చెంది కొనుగోలు చేసినారు" అన్న వాక్యాన్ని రాసేవారు అలవాటుగా చేర్చేస్తారు. 55వ సెక్షను, దానికి విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడే వర్తిస్తుంది కాబట్టి, ఆ వాక్యం మీకు ఎదురు తిరగవచ్చు. దాన్ని తీయించండి, లేదా వెంటనే "మురుగునీటి ఏర్పాట్లు మినహా" అని చేర్పించండి.

"ఒక్కసారి కూడా తీయించలేదు" అన్నది వారికి గొప్పగా ఉండవచ్చు, నాకు మాత్రం అదే అనుమానం. రెండు మూడేళ్లకొకసారి తీయించవలసిన ట్యాంకు 12 ఏళ్లయినా నిండలేదంటే, అడుగు వేయకపోవడం వల్ల మురుగు నేరుగా నేలలోకి దిగుతూ ఉండవచ్చు, లేదా పైపు కాలువలోకి పెట్టి ఉండవచ్చు. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్ల దూరం ఉండాలని సెప్టిక్ ట్యాంకులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. పాతిక, ముప్పై అంకణాల స్థలాల్లో ఆ దూరం దొరకడం కష్టమే, కాబట్టి బోరు నీటిని పరీక్ష చేయించడం మేలు.

ట్యాంకు తెరవడానికి వారిని ఒప్పించాలంటే, పగలగొట్టిన టైల్సు మళ్లీ వేయించే ఖర్చు మీరే భరిస్తామనండి. చాలా బేరాలు అక్కడే కుదురుతాయి. వ్యాక్యూమ్ లారీతో ఖాళీ చేయించి పైనుంచి టార్చి వేసి చూడాలి తప్ప, ఎవరినీ లోపలికి దించకండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడం, పాకీపనిని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంటి యజమానికి కూడా ఇది వర్తిస్తుంది.

రిజిస్ట్రేషను అయ్యాక మోసం బయటపడితే, అది తెలిసిన రోజు నుంచి మూడేళ్ల లోపు రద్దుకు దావా వేయవచ్చు. కాని ఇల్లు చేతిలో పెట్టుకొని దావా నడపడం కంటే ఇప్పుడే ఆగడం తేలిక. తనిఖీ హక్కు మీ అగ్రిమెంటులో రాసి లేకపోతే, చూపించలేదన్న ఒక్క కారణంతో వెనక్కు తగ్గితే అడ్వాన్సు పోయే ప్రమాదం ఉంది. అందువల్ల ముందు లిఖితపూర్వకంగా అడిగి, జవాబు రాకపోతే న్యాయవాది ద్వారా నోటీసు ఇవ్వండి. దాచిన లోపం రుజువై మీరు సకారణంగా కొనుగోలు నిరాకరించినట్లయితే, ఇచ్చిన అడ్వాన్సుకు ఆ ఇంటి మీదే మీకు హక్కు ఏర్పడుతుందని అదే 55వ సెక్షను చెబుతుంది. ఆ నోటీసు రిజిస్ట్రేషను గడువుకు కనీసం రెండు వారాల ముందే వారికి అందాలి.