రంగు ఊడిందని ఆ పని మాన్పించకండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పూర్తిచేశాడు. వాళ్ల మేనమామ కారు అలాయ్ వీల్స్‌కి గీతలు పడితే ఇంట్లోనే రుద్ది, స్ప్రే డబ్బాతో సిల్వర్ రంగు వేశాడు. నెల తిరక్కుండా పొలుసుల్లా లేచిపోయింది. అయినా ఇదే పని నేర్చుకుంటానంటున్నాడు. డిగ్రీలో చేర్పించాలా, వాడి మాట వినాలా?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: వాడి మాట వినండమ్మా. కాకపోతే ఆ రంగు ఎందుకు లేచిందో ముందు వాడికి తెలియాలి. ఈ పనిలో సగం అదే.

అలాయ్ చక్రం అంటే అల్యూమినియం మిశ్రమమే. దాన్ని రుద్దిన కాసేపటికే గాలి తగిలి సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొరను మామూలు ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) గట్టిగా పట్టుకోదు. ఆమ్లంతో లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ గానీ, హార్డెనర్ కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ గానీ కావాలి, అదీ రుద్దిన రోజే కొట్టాలి. రెండో కారణం టైరు పాలిష్. అందులోని సిలికాన్ కంటికి కనబడదు. కడిగిన చక్రం మీద నీళ్లు పోస్తే పలచటి తెరలా నిలవాలి. పూసల్లా విడిపోతే ఇంకా జిడ్డుందన్నమాట. ఆ జిడ్డు రుద్దకముందే పోవాలి, లేకపోతే గరుకులోకి దిగిపోతుంది. త్వరగా పోతుందని కాస్టిక్ సోడా వాడితే మాత్రం లోహాన్నే తినేస్తుంది.

గీత అంచున లేచిన ముల్లును ఆకురాయితో దించి 180, 320, 400 నంబర్ల గరుకు కాగితాలు వరసగా వాడాలి. ఇనప తీగ బ్రష్ వద్దు. దాని రేణువులు అల్యూమినియంలో దిగబడి తర్వాత తుప్పు మరకలవుతాయి. పుట్టీ పలచగా పెట్టి పొడిగానే రుద్దాలి, తడిపితే నీళ్లు పీల్చుకుని రంగు కింద బుడగలు లేపుతుంది. పుట్టీ ఉన్నచోట ఎపాక్సీ ప్రైమరే వేయాలి, ఎచ్ ప్రైమర్‌లోని ఆమ్లం దానికి పడదు. రంగు రెండు మూడు పలచటి పూతలుగా, మధ్యలో పది పదిహేను నిమిషాలు ఆగి కొట్టాలి. ముసురు రోజుల్లో అసలు వద్దు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దిగి రంగు తెల్లబారుతుంది. సముద్రం దగ్గరున్న మన జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. ఉప్పుగాలికి, క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పూత) పగిలిన చోట నుంచి దాని కింద తెల్లటి సన్న తీగల్లా తుప్పు పాకుతుంది.

నట్లు కూర్చునే గుంటల్లో, హబ్‌కి (చక్రాన్ని బిగించే బండి భాగానికి) ఆనే ముఖం మీద రంగు పడకూడదు. పడితే ఆ పొర నలిగి నట్లు వదులవుతాయి. చక్రం బిగించి ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూడాలి. పగుళ్లు, వంపులు ఉన్న చక్రం జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పండి. అది అందం పని కాదు, ప్రాణాల పని. ముఖాన్ని చెక్కి మెరిపించిన డైమండ్ కట్ చక్రాలు కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ లేత్ మీద తప్ప చేత్తో కుదరవు.

ఒక విషయంలో మాత్రం రాజీ పడకండి. హార్డెనర్ కలిపే 2కె (రెండు భాగాల) క్లియర్ కోటులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒకసారి పడకపోవడం మొదలైతే ఉబ్బసం జీవితాంతం ఉండిపోవచ్చు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఆగదు. ఇంట్లో దాన్ని కొట్టనివ్వకండి. సరైన బూత్ (రంగు కొట్టడానికి కట్టిన ప్రత్యేక గది), గాలి అందించే మాస్కు ఉన్న చోటే నేర్చుకోవాలి.

అందుకే ఐటీఐ. మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్ ట్రేడ్ ఏడాది కోర్సు, పదో తరగతి చాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఐటీఐలో ఈ ఏడాది నడుస్తోందో ఫారం నింపేముందే అడగండి. దొరక్కపోతే రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ తీసుకోవచ్చు. ఆ తర్వాత ఏదైనా బాడీ షాపులో అప్రెంటిస్‌గా చేరాలి. స్టయిపెండ్ వస్తుంది, బూత్ పనీ వస్తుంది. డిగ్రీ కావాలంటే దూరవిద్యలో పక్కన సాగించుకోవచ్చు.

చేర్పించే ముందు తుక్కు కొట్లో ఒక పాత చక్రం కొనివ్వండి. పైన చెప్పినట్టు చేసి వారం ఆరనివ్వమనండి. తర్వాత బ్లేడుతో రెండేసి మిల్లీమీటర్ల దూరంలో నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు గీతలు గీసి, టేపు గట్టిగా అంటించి లాగమనండి. చిన్న గళ్లు ఊడి టేపుకి అంటుకొస్తే మళ్లీ మొదటి నుంచి చేయాలి. విసుక్కోకుండా రెండోసారి కాగితం పట్టుకుంటే ఫారం తెచ్చివ్వండి.