షూరిటీ సంతకం: బాధ్యత ఎక్కడిదాకా?

ప్రశ్న: మా బావమరిది ఐదు లక్షల చిట్టీ, 50 మంది సభ్యులు, నెలకు 10,000, పన్నెండో నెలలో పాడుకున్నాడు. నేనూ, అతని స్నేహితుడొకరూ షూరిటీ ఉన్నాం. 20 వాయిదాలు కట్టి, నాలుగు నెలలుగా ఆపేశాడు. నోటీసు నాకే వచ్చింది. ముందు అతన్ని అడగాలి కదా? ఇద్దరం ఉన్నాం కాబట్టి నా వంతు సగమే కదా?
– ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మీరనుకున్న రెండూ చట్టం ముందు నిలవవు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరుగా రాసుకుంటే తప్ప, బాకీదారు ఎంత కట్టాలో హామీదారూ అంతా కట్టాలి. బాకీదారు మీద దావా వేశాకే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. సగం లెక్క మీకూ రెండో షూరిటీకీ మధ్యది, కంపెనీకి దానితో పని లేదు. మొత్తం మీ ఒక్కరి దగ్గరే రాబట్టుకోవచ్చు.

పాడుకున్న సభ్యుడు వాయిదాలు తప్పితే, మిగతా వాయిదాలన్నీ ఒకేసారి కట్టమని కంపెనీ రాతపూర్వకంగా అడగవచ్చు. మీ విషయంలో 30 వాయిదాలంటే, డివిడెండు (పాటలో తగ్గిన సొమ్ములో సభ్యుడి వాటా) కలవకపోతే 3 లక్షలు, వడ్డీ అదనం. ఇప్పుడు ఆగినవి నాలుగే, అంటే 40,000. అందుకే ఈ దశలోనే కదలండి. ఖాతా వివరాలు ఇమ్మని కంపెనీకి ఉత్తరం రాసి, రసీదు తీసుకోండి. బావమరిదినీ రెండో షూరిటీనీ ఒకచోట కూర్చోబెట్టండి.

మీరు కట్టాల్సి వస్తే డబ్బు బావమరిది చేతికి మాత్రం ఇవ్వకండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ‘నువ్వే వెళ్లి కట్టెయ్’ అని ఇస్తే రసీదు అతని పేరున వస్తుంది, మీరు కట్టినట్టు ఆధారం మిగలదు. మీ ఖాతా నుంచే చెల్లించి, ‘షూరిటీదారు చెల్లించిన మొత్తం’ అని రసీదులో రాయించుకోండి. ఆ కాగితం ఉంటే కట్టినదంతా బావమరిది నుంచి, మీ వాటాకు మించి కట్టినది రెండో షూరిటీ నుంచి రాబట్టుకోవచ్చు. బావమరిది మీద దావాకు మీరు చెల్లించిన రోజు నుంచి మూడేళ్లు గడువు. అతను కంపెనీకి ఏదైనా తాకట్టు పెట్టి ఉంటే, బాకీ మొత్తం తీర్చాక దాని మీద హక్కు మీకొస్తుంది.

జీతం సంగతి. కోర్టు జప్తు చేసినా జీతమంతా పోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మినహాయింపు ఉన్న అలవెన్సులు పోను లెక్కలోకి వచ్చే జీతం 46,000 అయితే, నెలకు 15,000 పట్టుకోవచ్చు. ఒకే డిక్రీ కింద 24 నెలలకు మించి పట్టకూడదు. పీఎఫ్ జోలికి రాకూడదు.

ఇంకొక్క మాట. మీరు సంతకం పెట్టింది ఈ చిట్టీకి. అతని చేబదుళ్లకూ, ప్రోనోట్లకూ కాదు. ‘ఎలాగూ కడుతున్నావు, అవీ చూడు’ అని ఇంట్లో ఒత్తిడి వస్తుంది. అక్కడ ఆగండి. ఇంట్లోవాళ్ల మొహం చూసి రెండో బాకీకి ఒప్పుకుంటే, మొదటిది కట్టే శక్తి కూడా పోతుంది.

ప్రశ్న: మిల్లు నడిపే స్నేహితుడి సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే పరిమితి మేరకు తీస్తూ కడుతూ ఉండే అప్పు) ఖాతాకు మా నాన్నగారు గ్యారంటీ ఇచ్చారు. ఆయన నిరుడు పోయారు. ఇప్పుడు బ్యాంకువాళ్లు నన్ను వచ్చి సంతకం పెట్టమంటున్నారు. తండ్రి బాధ్యత కొడుకుదే అంటున్నారు.
– ఒక పాఠకురాలి భర్త, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: సంతకం పెట్టకండి. సీసీ ఖాతా వంటి నిరంతర హామీ (వరుసగా జరిగే లావాదేవీలన్నిటికీ వర్తించేది), ఒప్పందంలో వేరుగా లేకపోతే, హామీదారు మరణంతో ఆ తర్వాతి లావాదేవీలకు ఆగిపోతుంది. అంతకుముందున్న బాకీకి నాన్నగారి ఆస్తి బాధ్యత వహిస్తుంది. ఆయన నుంచి మీకు దక్కిన ఆస్తి విలువ మేరకే మీరు జవాబుదారు. మీ సొంత జీతం, మీరు కొన్న ఇల్లు అందులోకి రావు. ‘రెన్యువల్ ఫారమే, మామూలే’ అని ఇచ్చే కాగితం చాలాసార్లు కొత్త గ్యారంటీయే. దాని మీద సంతకం పడిందంటే బాధ్యత మీ సొంతమవుతుంది. మరణ ధ్రువపత్రం జత చేసి, ఆ తేదీ నాటికి బాకీ ఎంతో రాసివ్వమనీ, పాత గ్యారంటీ పత్రం నకలు ఇవ్వమనీ బ్యాంకును స్పీడ్ పోస్టులో అడగండి.

ప్రశ్న: పర్సనల్ లోన్‌కి గ్యారంటీ సంతకం అడుగుతున్నాడు ఆఫీసు స్నేహితుడు. కాదంటే స్నేహం పోతుందేమో!
– హైదరాబాద్

జవాబు: ఆ ఈఎంఐ ఐదేళ్లు మీరే కట్టగలరా అన్న లెక్క ముందు వేసుకోండి. కట్టలేకపోతే ఇవాళే కాదనండి. అతనికి వేరే దారి వెతుక్కునే సమయమైనా ఉంటుంది. పెట్టదలిస్తే ‘నా బాధ్యత ఇంత మొత్తానికే’ అని పత్రంలో అంకెల్లో, అక్షరాల్లో రాయించండి. ఖాళీ గడులున్న ఫారం మీద సంతకం వద్దు. ‘షరతులు మార్చినా నాకు సమ్మతమే’ అన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొట్టేయమని అడగండి. ఆ గ్యారంటీ మీ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. రేపు మీ గృహరుణం అర్హతలో బ్యాంకు దాన్నీ లెక్కేస్తుంది. ఆ మాట స్నేహితుడికి ఉన్నదున్నట్టు చెప్పవచ్చు, అందులో దాపరికం ఏమీ లేదు.