యుద్ధం పాట అంటే కత్తులే ఉండాలా?

యుద్ధంలో మామూలు మనుషులు పోగొట్టుకున్నది మన జానపద పాటల్లో ఎక్కడ వినిపిస్తుందని ఒకరు అడిగారు. చాలామంది బొబ్బిలి కథ అంటారు. 1757 జనవరి 24న కోట పడిపోయే ముందు లోపలి ఆడవాళ్లనీ పిల్లల్నీ సొంతవాళ్లే చంపుకున్న ఘట్టం నేను ఇప్పటికీ వినలేను. కానీ అందులో పేరు పెట్టి ఏడ్చేది దొరల కోసం, సర్దార్ల కోసం. కూలివాడి కోసం ఏడ్చింది ఇంట్లో ఆడవాళ్లే, అదీ పని చేసుకుంటూ.

మాది ఒడిశాలో బరంపురం దగ్గర పల్లె. గోపాల్‌పూర్‌లో ఓడెక్కి బర్మాలోని రంగూన్‌కి కూలికి పోయినవాళ్లు మా వైపు ఎందరో. 1941 డిసెంబరులో జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులేశాక లక్షల మంది అడవులూ కొండలూ పట్టి నడిచొచ్చారు, దారిలోనే ఆకలికీ కలరాకీ చాలామంది పోయారు. మా అమ్మమ్మ వడ్లు దంచుతూ పాడే రంగూన్ పాటలో ఒక్క తుపాకీ ఉండదు. తాకట్టులో ఉన్న కడియాలు ఎవరు విడిపిస్తారు, నీ మొహమే చూడని పిల్లాడికి నువ్వెలా ఉంటావని చెప్పను, నడిచొచ్చినవాడు నిన్ను ఏటి ఒడ్డున చూశానన్నాడు, ఆ తర్వాత చూడలేదన్నాడు... ఇంతే.

నా చిన్నప్పుడు ఒకాయన పాటలు సేకరిస్తానని టేప్ రికార్డర్‌తో వచ్చారు. అమ్మమ్మ ఇదే ఎత్తుకుంది. రెండు చరణాలు కాగానే ఆయన బటన్ నొక్కి ఆపేసి, "ఇది కాదమ్మా, యుద్ధం పాట కావాలి, బొబ్బిలి లాంటిది" అన్నారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మమ్మ మాత్రం ఆపలేదు. పోయినవాడి పేరు వచ్చే చోట తన తమ్ముడి పేరు పెట్టి పాడింది. పక్కింటి ముసలమ్మ అందుకుంది, మొగుడి పేరు పలకకూడదు కదా, అక్కడ "మా పెద్దోడి అయ్య" అని పాడింది. అంతమంది శవాలకి దహనం లేదు, కర్మ లేదు, వాళ్లకి జరిగిందల్లా ఈ పాటే. యుద్ధం పాట ఇది కాకపోతే ఇంకేది?

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మేం ఇటు పడ్డాం, ఇచ్ఛాపురం అటు తెలుగువాళ్ల వైపే ఉండిపోయింది. తెలుగు పండితులు మేం ఒడిశావాళ్లమని రారు, ఇక్కడివాళ్లకి మా పాట అర్థం కాదు. పైగా రైసు మిల్లులొచ్చాక దంచడమే లేదు, ఇక పాడేదెప్పుడు?

బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట వైపు మీ ఇళ్లల్లో రంగూన్ పాటలు తెలిసిన పెద్దవాళ్లుంటే ఈ పండక్కి వెళ్లినప్పుడే ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఎవరి పేరు పెట్టి పాడారో, ఆయన ఏ ఊరివాడో కూడా అడిగి రాసుకోండి.