ఫెటా చీజ్ యూనిట్ పెడతానంటున్నాడు... డెన్మార్క్ పంపమంటారా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. గొర్రెల మంద ఉంది, కొంత పొలం ఉంది. మా అబ్బాయి కామారెడ్డిలో బీటెక్ డెయిరీ టెక్నాలజీ మూడో ఏడాది చదువుతున్నాడు. డెన్మార్క్‌లో ఎమ్మెస్సీ చేసి, తిరిగొచ్చాక మన గొర్రెల పాలతోనే ఫెటా చీజ్ తయారుచేసి యూరప్‌కు, గల్ఫ్‌కు ఎగుమతి చేస్తానంటున్నాడు. లోను కోసం పొలం తాకట్టు పెట్టాలి. పంపమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయి ఎంచుకున్న రంగం మంచిది. పాల ప్యాకెట్టు, పెరుగు డబ్బా దాటి ఆలోచించే డెయిరీ విద్యార్థులు మనకు చాలా అవసరం. కాకపోతే అతని ప్లాన్ మొత్తం ఫెటా అన్న పేరు మీద నిలబడి ఉంది. యూరప్‌లో అమ్మేటప్పుడు ఆ పేరు రాసే హక్కు మీకు ఎప్పటికీ రాదు. పొలం కాగితాలు బయటికి తీసేముందు ఇంట్లో అందరూ ఈ విషయం తెలుసుకోవాలి.

ఫెటా గ్రీసు దేశపు చీజ్. గ్రీసులో నిర్ణయించిన కొన్ని ప్రాంతాల్లో, అక్కడి గొర్రెల పాలతో చేస్తేనే ఆ పేరు పెట్టాలి. మేక పాలు కలపవచ్చు గానీ 30 శాతం దాటకూడదు. ఆవు పాలు, పాలపొడి పనికిరావు. కనీసం 2 నెలలు మాగాలి. తిరుపతి లడ్డూకు 2009లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా, ఇదీ అలాంటి రక్షణే.

డెన్మార్క్ కథ మీ అబ్బాయి తప్పకుండా చదవాలి. అక్కడి డెయిరీలు ఆవు పాలతో తెల్ల చీజ్ చేసి, ఫెటా పేరుతో పశ్చిమాసియాకు ఏళ్ల తరబడి పంపాయి. 1996లో యూరోపియన్ యూనియన్ ఆ పేరును గ్రీసుకు రిజిస్టర్ చేస్తే డెన్మార్క్, జర్మనీ, ఫ్రాన్స్ కోర్టుకెళ్లాయి. 1999లో అది రద్దయింది. 2002లో మళ్లీ రిజిస్టరైంది, 2005లో యూరప్ న్యాయస్థానం దాన్ని సమర్థించింది. ఆ తర్వాత కూడా యూరప్ బయటికి వెళ్లే డబ్బాల మీద డెన్మార్క్ కంపెనీలు ఫెటా అనే రాస్తూ వచ్చాయి. 2022 జులైలో అదీ కుదరదని, దాన్ని ఆపకపోవడం డెన్మార్క్ ప్రభుత్వం తప్పేనని కోర్టు తేల్చింది. అక్కడి పెద్ద కంపెనీ ఆర్లా తన తెల్ల చీజ్‌కు అపెటినా అనే బ్రాండ్ పెట్టుకుంది. అంత అనుభవం, అంత మార్కెట్ ఉన్నవాళ్లే పేరు వదులుకోవాల్సి వచ్చింది. ఫెటా కాకపోతే హలూమి అనే ఇంకో రకం చీజ్ చేస్తానని అబ్బాయి అంటాడేమో, కానీ 2021లో ఆ పేరుకు సైప్రస్ రక్షణ తెచ్చుకుంది.

ఇక మీ మంద గురించి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, కాబట్టి మీవాడికి ఈ ఆలోచన రావడం సహజమే. కానీ మన దక్కనీ, నెల్లూరు జాతులు మాంసానికి పెంచేవి. తల్లి దగ్గరున్న పాలు పిల్లకు సరిపోతే అదే గొప్ప. కిలో ఫెటాకు సుమారు 4 లీటర్ల గొర్రె పాలు కావాలి. రోజుకు 100 కిలోలు చేయాలన్నా 400 లీటర్లు పోగవ్వాలి. మీ ఊరి మందలన్నీ కలిపినా అన్ని పాలు రావు. పైగా పాలు పిండితే పిల్ల ఎదగదు, సంతలో ధర పడిపోతుంది. ఆ లెక్క మాకంటే మీకే బాగా తెలుసు.

మన దగ్గర దండిగా ఉన్నది గేదె పాలు. ఫెటాలా ఉప్పునీటిలో మాగబెట్టే చీజ్‌కు అవి ఒక విధంగా వరమే. ఆవు పాలలో ఉండే పసుపు రంగు వీటిలో ఉండదు, కాబట్టి చీజ్ సహజంగానే తెల్లగా వస్తుంది. అయితే గేదె పాలలో క్యాల్షియం ఎక్కువ. పాలను గట్టిపరిచే రెన్నెట్ అనే ఎంజైమ్ వేయగానే త్వరగా, గట్టిగా తోడుకుంటాయి. ఆవు పాల లెక్కలే పాటిస్తే ముక్క ఎండిపోయి రబ్బరులా సాగుతుంది. గొర్రె పాలకుండే ఘాటైన రుచి రావాలంటే లైపేజ్ అనే ఎంజైమ్ కలపాల్సి వస్తుంది. ఈ సర్దుబాట్లు చేయడం తెలిసినవాడికి ఇక్కడే పని ఉంటుంది.

తయారీలో అసలు కష్టం ఉప్పునీటి దగ్గరే. గ్రీసు పద్ధతిలో పాలను 34 నుంచి 36 డిగ్రీల దగ్గర గట్టిపరచి, ముక్కలు కోసి, చిల్లుల అచ్చుల్లో పోసి, విరుగుడు నీరు దానంతటదే కారిపోయాక ఉప్పు చల్లుతారు. తర్వాత టిన్నుల్లో, పీపాల్లో ఉప్పునీటిలో ముంచి మొదట 18 డిగ్రీలు మించని గదిలో, ఆపైన 2 నుంచి 4 డిగ్రీల చల్లగదిలో మాగబెడతారు. ఆ ఉప్పునీటిలో క్యాల్షియం తక్కువైనా, పులుపు తగ్గినా చీజ్ పైపొర మెత్తబడి జిగురుగా మారుతుంది. లిస్టీరియా అనే బ్యాక్టీరియా చలినీ ఉప్పునూ కూడా తట్టుకుంటుంది, ఉప్పు ఉంది కదా అని ల్యాబ్ పరీక్షలు వదిలేయకూడదు. డెన్మార్క్ పద్ధతి వేరు. పాలను సన్నని పొరల గుండా వడకట్టి ముందే చిక్కబరుస్తారు. విరుగుడు నీటితో పోయే ప్రొటీన్లు చీజ్‌లోనే నిలిచి దిగుబడి పెరుగుతుంది. అల్ట్రాఫిల్ట్రేషన్ అనే ఈ విద్య మీ అబ్బాయి నిజంగా నేర్చుకోదగ్గది. అసలు ఫెటాకు మాత్రం దీన్ని ఒప్పుకోరు.

లేబుల్ గురించి అతనికి ఇప్పుడే ఆసక్తి కలగాలి, ఉద్యోగాలు కూడా అక్కడే ఉన్నాయని నా నమ్మకం. ఈ రకం చీజ్‌లకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్‌లో 'చీజెస్ ఇన్ బ్రైన్' అనే ప్రమాణం వేరుగా ఉంది. మీ సరుకును ఆ దారిలో నిజాయితీగా 'గేదె పాల ఉప్పునీటి తెల్ల చీజ్' అని అమ్ముకోవచ్చు. పేరు విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో తీరు. జపాన్, చైనా యూరప్‌తో ఒప్పందాలు చేసుకుని ఫెటా పేరును కాపాడుతున్నాయి. అమెరికాలో ఎవరైనా ఆ పేరు వాడుకోవచ్చు. ఒకే టిన్ను ఒక రేవులో దిగుతుంది, ఇంకో రేవులో ఆగిపోతుంది. రెన్నెట్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. దూడ కడుపు నుంచి తీసినదైతే మన దేశంలో శాకాహారులు ముట్టరు, గల్ఫ్‌లో హలాల్ ప్రశ్న వస్తుంది. కాబట్టి సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడటం మేలు. ఉప్పునీరు వంపేశాక చీజ్ ఎంత ఉంటుందో ఆ బరువు కూడా వేయాలి. టిన్ను మొత్తం బరువు వేసి సరిపెట్టకూడదు. వీటికి తోడు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, ఎగుమతి దిగుమతులకు ఇచ్చే ఐఈసీ నంబరు, వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా రిజిస్ట్రేషన్, కొనే దేశం అడిగే పశు ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. చీజ్ చేయడం తెలిసి ఈ కాగితాలూ తెలిసిన కుర్రాళ్లు తక్కువ. క్వాలిటీ, రెగ్యులేటరీ విభాగాల్లో అలాంటివాళ్లకే గిరాకీ.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఈ ఏడాది, వచ్చే ఏడాది పొలం జోలికి వెళ్లకండి. నాలుగో ఏడాదిలో ప్లాంటు ట్రైనింగ్ ఉంటుంది. దగ్గర్లో ఉంది కదా అని పాలు, పెరుగు ప్లాంటుకు వెళ్లకుండా చీజ్ చేసే చోటికి వెళ్లమనండి. మహారాష్ట్రలో, తమిళనాడులోని ఈరోడ్ వైపు, గుజరాత్‌లో అలాంటివి ఉన్నాయి. వెళ్లేలోపే కాలేజీ హెడ్ ద్వారా ఉత్తరం రాయించుకోవాలి, ఆఖరి నిమిషంలో అడిగితే దొరకదు. పక్కనే ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ పరీక్షకు చదవాలి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ ఎన్‌డీఆర్ఐలో సీటు వస్తే డెన్మార్క్ ఖర్చులో చిన్న భాగంతో మంచి ఎంటెక్ అయిపోతుంది. తర్వాత రెండేళ్లు ఏదైనా చీజ్ ప్లాంటు క్వాలిటీ విభాగంలో జీతానికి పనిచేయాలి. అప్పటికీ అల్ట్రాఫిల్ట్రేషన్ మీదే మనసుంటే, చేతిలో కొంత సొంత డబ్బు, అనుభవంతో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్ యూనివర్సిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. స్కాలర్‌షిప్ దొరికే అవకాశం కూడా అప్పుడే మెరుగ్గా ఉంటుంది.

మీరు వద్దన్నారని అతను నిరుత్సాహపడకూడదు. అందుకే ఈ వారమే ఒక పని చెప్పండి. తాను చేయబోయే చీజ్‌కు కాగితం మీద ఒక లేబుల్ రాసి చూపమనండి. పేరు ఏమిటి, పాలు ఏ పశువువి, రోజుకు ఎన్ని లీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి, రెన్నెట్ ఏది, ఉప్పునీరు తీశాక బరువెంత, ముందుగా ఏ దేశానికి పంపుతాడు, ఆ దేశం ఏ సర్టిఫికెట్ అడుగుతుంది. కొన్ని గడులు ఖాళీగా ఉండిపోతాయి. వాటిని ట్రైనింగ్‌కు తీసుకెళ్లి అక్కడి క్వాలిటీ మేనేజర్‌ను అడిగి నింపుకొని రమ్మనండి. అవి నిండాక డెన్మార్క్ ఫీజుల గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.