పట్టాల మీది డీసీసీ సిగ్నల్ చదవబోయే ముందు

చిరంజీవి శ్రీకాంత్‌కు,

నీ మోడల్ రైలు పట్టాల మీది డీసీసీ సిగ్నల్ (ఇంజన్‌కు ఆజ్ఞలు మోసే డిజిటల్ సంకేతం) చదవడానికి లాజిక్ అనలైజర్ (పల్సులను నమోదు చేసి చూపే పరికరం) కొన్నావట, సంతోషం. దాన్ని పట్టాలకు మాత్రం నేరుగా తగిలించకు నాన్నా. పట్టాల మీద ఉండేది 12 నుంచి 18 వోల్టులు, నీ పరికరం మామూలుగా తట్టుకునేది 5. పైగా రెండు పట్టాల్లో ఏదీ గ్రౌండ్ కాదు, క్షణక్షణం ప్లస్సూ మైనస్సూ తారుమారవుతుంటాయి. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్‌ను ఒక పట్టాకు పెట్టినా షార్ట్ అయ్యే ప్రమాదముంది.

మధ్యలో 6ఎన్137 ఆప్టోకప్లర్ పెట్టు, అది లోపలి ఎల్‌ఈడీ కాంతితో సిగ్నల్‌ను దాటించి రెండువైపుల కరెంటునూ వేరుగా ఉంచుతుంది. ముందు వెయ్యి ఓముల రెసిస్టరు, ఎల్‌ఈడీకి అడ్డంగా తిరగేసి ఒక డయోడు, అవుట్‌పుట్‌కు పుల్అప్ (ప్లస్ వోల్టేజీకి లాగి ఉంచే రెసిస్టరు). చవగ్గా దొరికే నెమ్మది రకాలు వద్దు, అవి పల్స్ వెడల్పునే మార్చేస్తాయి. మనం కొలవాల్సిందే ఆ వెడల్పు కదా!

సెకనుకు పది లక్షల శాంపిళ్లు చాలు. ఒక్కో బిట్‌లో రెండు సగాలుంటాయి. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే ఆ బిట్ 1, 100 గానీ అంతకుమించి గానీ ఉంటే 0. సాఫ్ట్‌వేర్‌కు అప్పగించే ముందు ఒక్క ప్యాకెట్ (ఒక ఆజ్ఞ మోసే బిట్ల వరస) అయినా కాగితం మీద నువ్వే విప్పు. మొదట కనీసం 14 ఒకట్లు వరసగా వస్తాయి, తర్వాత ఒక సున్నా. అక్కడ 58, 100 ఒకే జతలో పడ్డాయంటే సగాలను తప్పుగా జత కట్టావన్నమాట, ఒక సగం జరుపు. ప్యాకెట్ల మధ్య సుమారు 450 మైక్రోసెకన్ల ఖాళీ కనిపిస్తే కంగారుపడకు, అది రైల్‌కామ్ కోసం, అంటే ఇంజన్‌లోని డీకోడర్ (ఆజ్ఞలు అర్థం చేసుకునే చిప్) తిరిగి జవాబు పంపడానికి వదిలింది. నేర్చుకునేటప్పుడు దాన్ని ఆపేసుకుంటే హాయి.

ఉదాహరణకు 00000011, 01100100, 01100111 వచ్చాయనుకో. మొదటిది ఇంజన్ అడ్రస్, 3. మూడోది మొదటి రెండింటి ఎక్స్‌ఓఆర్, అంటే ఒకే స్థానంలోని బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0. అది సరిపోతే ప్యాకెట్ చెడలేదు. రెండోదాంట్లో 01 అంటే వేగం ఆజ్ఞ, తర్వాతి 1 ముందుకు వెళ్లమని. దాని పక్కనున్న నాలుగో బిట్టే అసలు చిలిపిది. వేగాన్ని 14 మెట్లుగా పంచే పద్ధతిలో అది హెడ్‌లైట్, 28 మెట్ల పద్ధతిలో వేగంలో చివరి బిట్. నాబ్ తిప్పుతుంటే లైటు ఒక మెట్టుకు వెలిగి మరో మెట్టుకు ఆరుతోందా? కమాండ్ స్టేషన్ (ఆజ్ఞలు పంపే పెట్టె) 28 పంపుతోంది, డీకోడర్ 14 అనుకుంటోంది. బల్బు మార్చే పని పెట్టుకోకు, డీకోడర్ సెట్టింగుల్లో సీవీ 29 అనేదాంట్లో రెండు విలువగల బిట్‌ను 1 చెయ్యి.

ఇక ఇంజన్ అసలు మాటే వినకపోతే, బూస్టర్ (పట్టాలకు కరెంటు అందించే పెట్టె) దగ్గరా పట్టాల చివరా రెండుచోట్లా సిగ్నల్ పట్టి చూడు. మొదటిచోట ఎక్స్‌ఓఆర్ సరిగ్గా ఉండి రెండోచోట తప్పితే వైరింగ్ వెతుకు. రెండుచోట్లా సరిగ్గా ఉంటే ముందు చక్రాలు తుడువు, డీకోడర్ విప్పడం ఆ తర్వాత.

ఆశీస్సులతో,
మీ బాబాయి