డెక్ పలకల సంగతి తర్వాత, ముందు గుంత తీయించు

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పెరట్లో పది బై పన్నెండు అడుగుల చెక్క డెక్, అదే స్తంభాల మీద పలకలు పరిచిన అరుగు, బాగుంటుంది. కానీ నువ్వు అడిగినవన్నీ పైన కనిపించేవే: పలకలకు ఏ కర్ర, పాలిష్ ఏది అని. అవి నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. ఫుటింగ్‌ను, అంటే డెక్‌ను మోసే పోస్టుల కింద నేలలో పోసిన కాంక్రీట్ దిమ్మెను, మార్చలేం. డబ్బు అక్కడ పెట్టు.

వీడియోల్లో అమెరికా వాళ్లు చెప్పే లోతు మనకు పనికిరాదు. అక్కడ చలికి నేలలోని నీళ్లు గడ్డకట్టి ఫుటింగ్‌ను పైకి తోస్తాయి, అందుకే ఆ గడ్డకట్టే లోతు దాటి వెళ్తారు. మనకున్న బాధలు వాన, చెద, నల్లరేగడి.

ముందు ఒక గుంత తీయించి చూడు. మన వరంగల్ వైపు ఒక ప్లాటులో ఎర్ర చెలక ఉంటే కాస్త అవతల రేగడి తగులుతుంది. గట్టి మొరం కనబడితే రెండడుగులు చాలు. రేగడి అయితే ఎండాకాలం నెర్రెలు ఎంత లోతుకు దిగుతాయో అంతకన్నా కిందికి పోవాల్సిందే. "డెక్ తేలికే కదా, అంత లోతు ఎందుకమ్మా" అంటాడు మేస్త్రీ. తేలిక కాబట్టే భయం. రేగడి ఉబ్బినప్పుడు ఇంటి బరువు దాన్ని కొంతైనా అదిమిపెడుతుంది, డెక్‌ను మాత్రం ఇట్టే లేపేస్తుంది. ఇంటి గోడ పక్కన ఇంకో చిక్కు: అక్కడిది పునాది కట్టాక తిరిగి నింపిన మట్టి. దాని మీద ఫుటింగ్ నిలబెట్టకు, అసలు నేల తగిలేదాకా తవ్వించు.

వేయిస్తంభాల గుడి కింద ఇసుకే ఉంది కదా అని ఎవరైనా నీ గుంతలో ఇసుక పోయమంటారేమో, వినకు. 1163లో రుద్రదేవుడి కాలంలో కట్టిన ఆ గుడి కింద ఇసుక పక్కకు జారకుండా బిగించి ఉంది. రేగడి గుంతలో వదులుగా పోసిన ఇసుకలో వాన నీళ్లు నిలుస్తాయి. పోసేదేదైనా ఉంటే మొరం పోసి, తడిపి, పొర పొరకూ దిమ్మిస కొట్టించు.

బరువు లెక్క చూద్దాం. మనుషులతో కలిపి చదరపు అడుగుకు పాతిక కిలోలు వేసుకుంటే మొత్తం మూడు టన్నులు. పన్నెండడుగుల వైపు మూడేసి చొప్పున రెండు వరసల్లో ఆరు పోస్టులు పెడితే, మూల పోస్టుకు 375 కిలోలు, మధ్య పోస్టుకు 750 కిలోలు వస్తాయి. అన్నిటికీ ఒకే సైజు గుంత తవ్వి ఊరుకోకు. మధ్యవాటి కింది భాగం వెడల్పుగా, కనీసం అడుగున్నర బై అడుగున్నర ఉండాలి.

పోస్టును కాంక్రీట్‌లో పాతొద్దు. కర్ర చుట్టూ నీళ్లు నిలిచి అడుగు నుంచే కుళ్లుతుంది, చెద ఎక్కినా బయటికి తెలియదు. దిమ్మెను నేల మీదికి ఆరంగుళాలు లేపి, పైభాగం వాలుగా చేయించు. తడి కాంక్రీట్‌లోనే బోల్టులు నిలబెట్టి, పోస్టు అడుగున అంగుళం సందు ఉండేలా ఇనుప బేస్ బిగించు. చెద మట్టి గూడు కట్టుకుంటూ ఎక్కితే ఆ సందులో కంటికి కనబడుతుంది. బేస్ గాల్వనైజ్ చేసింది, అంటే జింకు పూత ఉన్నది, తీసుకో, ఉత్త ఇనుము వద్దు. కర్ర పోస్టు కింద కోసిన ముఖానికి ప్రైమర్ దట్టంగా పట్టించడం మరవకు, నీళ్లు పీల్చేది అక్కడే.

నాకైతే టేకు పోస్టుల కన్నా రాతి కడీలే ఇష్టం. కుళ్లవు, చెద తినదు. బోల్టు కోసం చిల్లు పెట్టడమే కొంచెం కష్టం.

కాంక్రీట్ పోశాక వారమైనా గోనె సంచులు కప్పి తడుపుతూ ఉండండి. బోరు పైపు, సెప్టిక్ ట్యాంక్ ఎటు ఉన్నాయో తవ్వకముందే అడిగి తెలుసుకో. గుంతలు తీశాక, కాంక్రీట్ పోయకముందు నాకు ఫొటో పంపు.

మీ పెదనాన్న